మదనపల్లెలో కుదిరిన బాణీ

2021 జనవరి 23న, నేతాజీ జయంతి రోజున, నల్లగొండ పట్టణంలో ఒక కొత్త అలవాటు మొదలైంది. పొద్దున ఎనిమిదిన్నరకు ప్రధాన కూడళ్లలోని మైకుల్లోంచి జాతీయ గీతం వినిపిస్తుంది. ఎక్కడి బండ్లు అక్కడ ఆగుతాయి. బడికి పోయే పిల్లలు, దుకాణం తెరుస్తున్నవాళ్లు, బస్సు దిగుతున్నవాళ్లు నిటారుగా నిలబడి గొంతు కలుపుతారు. అంతకు మూడేళ్ల ముందే, 2017 ఆగస్టు 15న, జమ్మికుంటలో పోలీసులు ఇలాంటి పద్ధతికే శ్రీకారం చుట్టారు. మా ఆలేరు 2016 దాకా నల్లగొండ జిల్లాలోదే, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది. ఉమ్మడి జిల్లావాళ్లం కాబట్టి ఆ వార్త మా ఇంటి వార్తలాగే విన్నాం.

అందులో నన్ను ఆకట్టుకున్నది దేశభక్తి ఒక్కటే కాదు. ఒకరికొకరు ముఖపరిచయం లేని వందమంది, సరిగమలు రానివాళ్లు, ముందు ఒక్కసారైనా కలిసి సాధన చేయనివాళ్లు, చౌరస్తాలో నిలబడి ఒకే పాటను ఒకే నడకలో మొదలుపెట్టి ఒకేచోట ముగించగలుగుతున్నారు. కవి రాసిన ప్రతి కవితా ఇలా గుంపు నోట పలకదు. గొప్ప కవితలు ఎన్నో పుస్తకంలోనే ఉండిపోయాయి, మంచి గాయకుల కచేరీల్లో మిగిలిపోయాయి. కవిత పుట్టడం ఒక కథ అయితే, దాన్ని వెయ్యి గొంతులు మోయగలిగేలా బాణీ స్థిరపడటం ఇంకొక కథ. ఈ పాట విషయంలో ఆ రెండో కథలోని ముఖ్యమైన ఘట్టం మన తెలుగు నేల మీదే, మదనపల్లెలో జరిగింది. దాన్ని నడిపిన మనిషి ఐర్లండు నుంచి వచ్చిన ఒక సంగీత విదుషి.

మొదటి కథ చాలామందికి తెలిసిందే. రవీంద్రనాథ్ ఠాగూర్ బెంగాలీలో ఐదు చరణాల గీతం రాశారు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభ రెండో రోజున దాన్ని మొదటిసారి పాడారు. మరుసటి నెల, 1912 జనవరిలో, అది ‘తత్త్వబోధిని’ పత్రికలో అచ్చయింది. ఐదో జార్జి చక్రవర్తి అప్పుడే దేశానికి వచ్చి ఉండటంతో అది ఆయన కోసం రాసిన పాటేనన్న అపవాదు ఒకటి పుట్టి, దశాబ్దాల పాటు వెంటాడింది. యుగయుగాలుగా జనుల రథాన్ని నడిపే ఆ విధాత ఏ రాజూ కాలేడని ఠాగూరే 1937లో ఒక ఉత్తరంలో తేల్చి చెప్పారు. ఆ వివాదం గురించి ఇంతకన్నా చెప్పాల్సిన పని లేదు. 1911 నుంచి ఏడెనిమిదేళ్ల పాటు ఆ గీతం బ్రహ్మసమాజం వాళ్లకు, బెంగాలు సాహితీపరులకు తెలిసిన పాటగానే ఉండిపోయింది.

ఇక రెండో కథ. మార్గరెట్ గిలెస్పీ 1878లో ఐర్లండులోని బాయిల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో సంగీతం నేర్చుకుని, 1902లో సంగీతంలో పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఒక ఆడపిల్లకు అది మామూలు విషయం కాదు. మరుసటి ఏడాది కవి జేమ్స్ కజిన్స్‌ను పెళ్లాడారు. స్త్రీలకు ఓటు హక్కు కావాలని 1908లో మిత్రులతో కలిసి ఐరిష్ సంఘాన్ని స్థాపించి, ఆ పోరాటంలో లండన్‌లోనూ ఐర్లండులోనూ జైలుకు వెళ్లారు. 1915 చివర భార్యాభర్తలిద్దరూ దివ్యజ్ఞాన సమాజాన్ని నడుపుతున్న అనిబిసెంట్ పిలుపు మీద మద్రాసు చేరారు. జేమ్స్‌కు ‘న్యూ ఇండియా’ పత్రికలో పని. 1916లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. దానికి నాయకులైన కవులను ఇంగ్లీషు ప్రభుత్వం కాల్చి చంపింది. ఆ తిరుగుబాటును మెచ్చుకుంటూ జేమ్స్ రాసిన రాతతో ఆ కొలువు పోయింది. అలా మదనపల్లె వచ్చి, 1915లో అనిబిసెంట్ నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాలలో ఇంగ్లీషు చెప్పే పంతులయ్యారు, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు.

మార్గరెట్ మదనపల్లెలో ఊరికే కూర్చోలేదు. 1917 మేలో అడయారులో భారత మహిళా సంఘం ఏర్పడటంలో ముందు నిలిచారు. అదే ఏడాది డిసెంబరులో స్త్రీలకు ఓటు హక్కు అడగడానికి భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసిన ప్రతినిధి బృందాన్ని కూడగట్టింది ఆమే. ఆ బృందానికి నాయకత్వం వహించింది మన హైదరాబాదు ఆడబిడ్డ సరోజినీ నాయుడు. ఈ సంగతులన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆ పాటను చేతిలోకి తీసుకున్న మనిషికి సంగీత శాస్త్రమూ తెలుసు, సభల్లో జనాన్ని కదిలించడమూ తెలుసు. ఈ రెండూ ఒక్కచోట ఉండటం అరుదు.

కళాశాల పరిస్థితి కూడా తెలుసుకోవాలి. హోంరూలు ఉద్యమం విద్యార్థుల్లోకి పాకేసరికి మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోయింది. అనిబిసెంట్ వెనక్కి తగ్గకుండా జాతీయ విద్య పేరిట వేరే విశ్వవిద్యాలయం నిలబెట్టారు. దానికి ఛాన్సలర్‌గా ఠాగూర్ ఒప్పుకున్నారు. అందుకని 1919 మొదట్లో దక్షిణాది పర్యటనకు వచ్చిన ఠాగూర్, ఉపన్యాసాలతో అలసిపోయి, ఫిబ్రవరి ఆఖరి వారంలో మదనపల్లెలో కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుందామని వచ్చినప్పుడు పరాయి ఊరికి రాలేదు. ప్రభుత్వ గుర్తింపు పోగొట్టుకుని, తన పేరు తలకెత్తుకున్న విద్యాలయానికి వచ్చారు. జేమ్స్ కజిన్స్‌తో స్నేహమూ ఉంది. చుట్టూ కొండలు, చల్లటి గాలి. ఎండాకాలంలో కూడా ఊపిరాడే ఊరు.

కళాశాలలో వారానికొకసారి సాయంత్రం పూట పిల్లలు, పంతుళ్లు కలిసి పాటలు పాడుకునే ఆనవాయితీ ఉండేది. పోటీ లేదు, బహుమతులు లేవు. ఎవరికి వచ్చింది వాళ్లు పాడతారు, మిగతావాళ్లు అందుకుంటారు. అతిథిగా ఉన్న కవి కూడా ఆ కూటమికి వచ్చారు. ఏదైనా పాడమని కజిన్స్ అడిగితే ఈ పాట ఎత్తుకున్నారు. ఆ సాయంత్రం గురించి జేమ్స్ తమ దంపతుల ఆత్మకథ ‘వుయ్ టూ టుగెదర్’లో తలుచుకున్నారు. అంత నిండైన మనిషి నోట అంత సన్నటి గొంతు రావడం ఆయనకు ఆశ్చర్యమనిపించిందట. మొదటి చరణం భూగోళ పాఠంలా, ప్రాంతాలూ కొండలూ నదుల పట్టికలా తోచిందట. రెండో చరణంలో మతాల పేర్లు వచ్చాయి. చరణం చివర జయం పలికే పంక్తులు రాగానే పిల్లలు చెవులు రిక్కించారు. ఇంకోసారి, ఇంకోసారి అంటూ పాడించుకున్నారు. కాసేపటికే ఆ పల్లవిని గది దద్దరిల్లేలా వాళ్లే పాడారు.

ఆ పిల్లలకు బెంగాలీ రాదు. అయినా మొదటి చరణం నిండా సంస్కృత పదాలే కాబట్టి తెలుగు చెవికి సగం అర్థమయ్యే ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైనది, వాళ్లు మొదట పట్టుకున్నది పల్లవిని. బతుకమ్మ ఆడే ఏ ఆడబిడ్డను అడిగినా ఇందులో వింత లేదంటుంది. ఒకామె కొత్త పంక్తి చెబుతుంది, వలయంలో ఉన్నవాళ్లంతా ‘ఉయ్యాలో’ దగ్గర అందుకుంటారు. పంక్తి తెలియనివాళ్లకూ పాటలో చోటు ఉంటుంది. ఠాగూర్ గీతంలో ఆ చోటు 1911 నుంచీ ఉంది. అది పిల్లల నోట పడి రుజువైనది మదనపల్లెలో.

ఇక్కడ నిజం నిజంగా చెప్పాలి. బాణీ మొత్తం మదనపల్లెలోనే పుట్టిందని మన పత్రికలు అప్పుడప్పుడు రాస్తుంటాయి. అది ఠాగూర్‌కు అన్యాయం. పాటను ఆయన రాగంతో సహా తెచ్చారు, పాడి వినిపించారు. మార్గరెట్ చేసిన పని వేరు. ఠాగూర్ పాడిన దాన్ని విని, విద్యార్థులతో పాడించి, ఒక్కో పంక్తికి ఏ స్వరం ఎంతసేపు నిలవాలో తేల్చుకుని, పాశ్చాత్య పద్ధతిలో ఐదు గీతల మీద రాసిపెట్టారు. ఠాగూర్ విని సరేనన్నారు. చిన్న పనిలా కనిపిస్తుంది కానీ నా దృష్టిలో పాట భవిష్యత్తును మలుపు తిప్పింది ఇదే.

మన సంగీతంలో స్వరం రాసుకోవడం ఉంది. కాని రాసుకున్నది ఎముకల గూడే. గమకం ఎక్కడ వేయాలి, ఎక్కడ జారాలి, ఏ అక్షరం దగ్గర ఆగాలి అన్నది గురువు నోట నేర్చుకోవాలి. అందుకే ఒకే కీర్తనను ఇద్దరు విద్వాంసులు రెండు రకాలుగా పాడితే మనం ఇద్దరినీ మెచ్చుకుంటాం. అదే స్వేచ్ఛ గుంపు పాటకు పనికిరాదు. వందమందిలో ప్రతి ఒక్కరూ తన గమకం తను వేస్తే మిగిలేది గోల. ఐదు గీతల లిపిలో ప్రతి అక్షరానికీ స్థానం, కాలం కొలిచినట్టు ఉంటాయి. కవిని ఎన్నడూ చూడని పంతులమ్మ ఆ కాగితం చూసి పియానో మీద వాయించగలదు, పిల్లలకు నేర్పగలదు. పోలీసు బ్యాండు వాయించగలదు.

ఈ బాణీకి ఆ లిపి బాగా నప్పింది కూడా. పాట నడక బిలావల్ ఛాయల్లో సాగుతుంది. అంటే మన కర్ణాటక లెక్కలో శంకరాభరణం మెట్లు, పాశ్చాత్యుల మేజర్ స్కేలు. అక్షరానికి దాదాపు ఒక్కో స్వరమే. పెద్ద దూకుళ్లు లేవు, స్వరాలు పక్కపక్కనే అడుగులు వేస్తాయి. మొత్తం దాదాపు ఒక్క స్థాయిలోనే ఇమిడిపోతుంది కాబట్టి చిన్నపిల్లలకూ పెద్దలకూ అందుతుంది. చివరి జయధ్వానాలను గమనించండి. మొదటిది పై షడ్జం దాకా వెళ్తుంది, తర్వాతి రెండూ ఒక్కో మెట్టు దిగుతాయి, ఆ తర్వాత గొంతు కింది షడ్జం నుంచి మళ్లీ పైకి ఎక్కుతుంది. ఎక్కి ఎక్కడ ఆగుతుంది? షడ్జం మీద కాదు, మధ్యమం మీద. పాట అక్కడితో పూర్తయినట్టు చెవికి అనిపించదు. ఎందుకంటే ఇంకా చరణాలు ఉన్నాయి, ఆ మధ్యమం తర్వాతి చరణానికి తలుపు. తర్వాతి కాలంలో ప్రభుత్వం మొదటి చరణాన్ని మాత్రమే తీసుకుంది. ఐదు చరణాల పాటలో ఒక చరణపు ముగింపే మనం ఇవాళ పాట ముగింపుగా పాడుతున్నాం. బడిలో ప్రార్థన అయ్యాక ‘భారత్ మాతా కీ జై’ అని అరవాలనిపించడంలో ఆ తేలిపోయిన మధ్యమానికీ కొంత పాత్ర ఉందేమోనని నా ఊహ.

అదే మదనపల్లె బసలో ఠాగూర్ ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చి, తన చేత్తో రాసి, కళాశాలకు ఇచ్చారు. ఆ ప్రతి మీద 1919 ఫిబ్రవరి 28 తేదీ ఉంది. దానికి ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అన్న పేరు నిలిచింది. కళాశాల దాన్ని రోజూ పొద్దున పాడే ప్రార్థనగా చేసుకుంది. అంటే కాంగ్రెసు వేదిక మీద ఒకరోజు వినిపించిన పాట, తెలుగు ఊళ్లోని ఒక విద్యాలయంలో ప్రతి రోజూ పాడే పాట అయింది. అక్కడ చదివి వెళ్లిన పిల్లలు, వచ్చిపోయిన దివ్యజ్ఞాన సమాజీకులు దాన్ని తమతో పట్టుకుపోయారు. ఠాగూర్ మదనపల్లె విడిచిన కొద్ది వారాలకే, ఏప్రిల్ 13న, జలియన్‌వాలాబాగ్‌లో తుపాకులు పేలాయి. మే నెలాఖరున ఆయన ‘సర్’ బిరుదును వెనక్కి ఇచ్చేశారు.

తర్వాతి ప్రయాణం వేగంగా చెప్పుకోవచ్చు. 1937లో జాతీయ గీతం ఏది కావాలన్న చర్చ ముదిరినప్పుడు, మదనపల్లె పిల్లలు ఏళ్లుగా పాడుతున్న ఈ పాటనే తీసుకోమని జేమ్స్ కజిన్స్ బహిరంగంగా వాదించారు. 1942 సెప్టెంబరులో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో సుభాష్ చంద్రబోస్ సభలో దీన్ని వాద్యబృందం వాయించింది. 1947లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సమావేశం సందర్భంగా భారత జాతీయ గీతం ఇవ్వమంటే, మన ప్రతినిధుల దగ్గర ఉన్న ఈ పాట రికార్డునే ఇచ్చారు. అక్కడి ఆర్కెస్ట్రా వాయించింది, విన్నవాళ్లు మెచ్చుకున్నారు. 1948 ఆగస్టు 25న నెహ్రూ రాజ్యాంగ సభలో ఈ సంగతే చెప్పారు. వాద్యబృందాలు వాయించడానికి అనువైన బాణీ కావడం దీనికున్న పెద్ద బలమన్నారు. ఆంగ్ల స్వరకర్త హెర్బర్ట్ మరిల్ దాన్ని ఆర్కెస్ట్రాకు తగినట్టు కూర్చారు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభలో రాజేంద్రప్రసాద్ ప్రకటనతో అది జాతీయ గీతమైంది, ‘వందేమాతరం’కు సమాన గౌరవం దక్కింది. పూర్తి పాటకు 52 సెకన్లు, క్లుప్త రూపానికి దాదాపు 20 సెకన్లు అని నియమం పెట్టారు. అప్పటికి కొన్నేళ్లుగా పక్షవాతంతో మంచాన ఉన్న మార్గరెట్ బతికే ఉన్నారు. ఆమె 1954లో, జేమ్స్ 1956లో కన్నుమూశారు.

నెహ్రూ ఆ మాటలు చెప్పిన తేదీ దగ్గర ఆలేరువాళ్లం ఆగాలి. 1948 ఆగస్టు 25 నాటికి ఆలేరు భారతదేశంలో లేదు, నిజాం రాజ్యంలో ఉంది. ఆ పాట గురించి ఢిల్లీలో చర్చ జరిగిన రెండు రోజులకు, ఆగస్టు 27న, ఆలేరుకు ఉత్తరాన మద్దూరు ప్రాంతంలోని బైరాన్‌పల్లిని రజాకార్లు, నిజాం బలగాలు చుట్టుముట్టి పదుల సంఖ్యలో గ్రామస్థులను చంపారు. మూడు వారాలు గడిచి సెప్టెంబరు 17 వస్తే గాని ఆ పాట ఇక్కడి బడిపిల్లల హక్కు కాలేదు.

కలిసి పాడటం ఈ రాజ్యంలో ఎంత పెద్ద నేరమో అంతకు పదేళ్ల ముందే తేలింది. 1938లో ఉస్మానియా విద్యార్థులు వసతి గృహాల్లో ‘వందేమాతరం’ పాడితే వందల మందిని బహిష్కరించారు. పి.వి. నరసింహారావు నాగపూర్ వెళ్లి చదువుకోవాల్సి వచ్చింది అందుకే. పాటకు అంతగా భయపడ్డారంటే, పదిమంది గొంతు కలిస్తే ఏమవుతుందో నిజాం ప్రభుత్వానికి బాగా తెలుసన్నమాట.

మా పక్క పల్లెల్లో కూడా అదే తెలిసిన మనిషి ఒకరున్నారు. ఆలేరుకు దగ్గరి గుండాల మండలంలోని సుద్దాల ఊరి హనుమంతు. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన పదకొండో ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ గాలిలో ఎదిగిన హనుమంతు వెట్టి మీద, దొరల మీద పాటలు కట్టి, జనానికి తెలిసిన గొల్లసుద్దులు, బుర్రకథల్లో వాటిని పోశారు. ముందు ఒకరు కథ ఎత్తుకుంటారు, పక్కన ఉన్నవాళ్లు వంత పాడతారు. వంత తెగకుండా ఉంటే కథకుడు ఊపిరి తీసుకోవచ్చు, అలసిన గొంతును ఇంకో గొంతు ఆదుకుంటుంది, వింటున్న కూలివాడు కూడా మూడోసారికి వంతలో కలుస్తాడు. మార్గరెట్ కాగితం మీద కొలిచి సాధించినదాన్ని హనుమంతు కాలి అందెతోనూ వంతతోనూ సాధించారు. రెండు దారుల్లో ఏది గొప్పదని నేను తూచను. కాగితం ఉన్న పాట న్యూయార్కు దాకా వెళ్లింది. కాగితం లేని పాటల్లో ఎన్నో ఆ తరం గొంతులతోనే పోయాయి, ‘పల్లెటూరి పిల్లగాడ’ లాంటివి ‘మాభూమి’ సినిమాలోకి ఎక్కడం వల్ల నిలిచాయి. పోయిన వాటిని తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

గుంపు పాటకు బాణీ కుదర్చే ఆ పని మళ్లీ ఒకసారి మన కళ్లముందే జరిగింది. బైరాన్‌పల్లి ఉన్న మద్దూరు వైపే రేబర్తి అనే ఊరుంది. అక్కడ పుట్టిన అందెశ్రీ బడిమెట్లెక్కలేదు. గొడ్లు కాశారు, తాపీపని చేశారు. తెలంగాణ ఉద్యమ కాలంలో ఆయన రాసిన ‘జయ జయహే తెలంగాణ’ సభల్లో, బడుల్లో, ధర్నాల్లో ఎవరికి నచ్చిన నడకలో వాళ్లు పాడుకున్న పాట. 2024 ఫిబ్రవరిలో మంత్రివర్గం దాన్ని రాష్ట్ర గీతంగా ఎంచుకుంది. అప్పుడు మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. అందరూ ఒకేలా పాడాలంటే ఎట్లా? ఎన్ని చరణాలుండాలి, ఎంతసేపు నిలబడాలి? ఎం.ఎం. కీరవాణి స్వరపరిచారు. సభల కోసం రెండున్నర నిమిషాల రూపం, పూర్తి కవిత వినాలనుకునేవాళ్లకు పదమూడున్నర నిమిషాల రూపం వేర్వేరుగా తయారయ్యాయి. జూన్ 2న, రాష్ట్రం ఏర్పడి పదేళ్లు నిండిన రోజున, వాటిని విడుదల చేశారు. స్వరకర్త ఎంపిక మీద అప్పట్లో గట్టి వాదనే నడిచింది, తెలంగాణ గొంతు తెలంగాణ చేతుల్లోనే ఉండాలని కొందరన్నారు. ఐర్లండు ఆమె చేతుల్లో బెంగాలీ పాట మదనపల్లెలో కుదురుకున్న కథ తెలిసినవాణ్ణి కాబట్టి, నేను స్వరకర్త ఊరు చూడను. మా ఆలేరు బడిలో ఆరో తరగతి పిల్ల ఊపిరి బిగబట్టకుండా దాన్ని చివరి దాకా పాడగలదా లేదా అని చూస్తాను. అందెశ్రీ 2025 నవంబరులో చనిపోయే నాటికి ఆ పాట బడుల్లో పిల్లల నోటికి ఎక్కుతోంది.